చంకెడు కట్టెలు

అచావోలో వాన ఆగిన రోజును
మేం పండగలా చెప్పుకుంటాం.
ఆ మంగళవారం పండగ కాదు.
తరగతి మధ్యలో ఇనప పొయ్యి,
దాని చుట్టూ ఆరేసిన పద్నాలుగు జతల ఉన్ని మేజోళ్లు,
నా బల్లమీద బిస్కెట్ల డబ్బా.

డబ్బాలో ఉండేవి ఫోన్లు.

మార్చిలో బడి తెరిచినప్పుడు
పిల్లలే ఓటేసి పెట్టుకున్న నియమం:
గంట కొట్టగానే ఫోను డబ్బాలోకి.
పాఠం మధ్యలో ఎవరిది మోగితే వాళ్లు
మర్నాడు చంకెడు కట్టెలు తేవాలి.
ఎండువే తేవాలి. పచ్చివి చెల్లవు.
ఈ చివరి ముక్క యనీరా బర్రియా చేర్పించింది,
వాళ్ల నాన్నది కట్టెల వ్యాపారం.

ఇప్పటిదాకా జరిమానా కట్టినవాళ్లు:
ఒవీదియో, రెండుసార్లు.
ఫెర్రీ వేళలు చెప్పే మెసేజి అతనికి కోడికూతలా వస్తుంది.
రాయెన్ ఒకసారి. వాళ్ల అమ్మమ్మ లెక్కలో
ఫోనెత్తని మనిషి సముద్రంలో మునిగినట్టే.
ఎలిసేయో ఒకసారి, కావాలనే.
ఆ వారం చలి ఎక్కువ.

నేను బోర్డుమీద పాత ఓడల దారి గీస్తున్నాను.
సుద్దముక్క హార్న్ అగ్రం దగ్గరికొచ్చేసరికి
డబ్బా అదిరింది,
బండమీద గొలుసు ఈడ్చినట్టు.
పద్నాలుగు తలలు లేచాయి,
నాది కాదంటే నాది కాదని
ఒకరి మొహం ఒకరు చూసుకున్నాయి.
డబ్బా కాపలా ఆ వారం యనీరాది.
మూత తీసి, రెండు వేళ్లతో పైకెత్తి
"టీచర్, ఇది మీది" అంది.
పేరు కూడా చదివింది. బడిపిల్ల కదా,
అక్షరం కనిపిస్తే ఊరుకోలేదు:
"అన్సెల్మో."

పదకొండేళ్లు.
ఒక పడవ, దాని మోటారు ఎవరిదన్న తగువు,
నాన్నను పాతిపెట్టిన రోజున
గుమ్మంలో నాలుగు పుల్లవిరుపు మాటలు.
ఆ తర్వాత నా తమ్ముడి పేరు
ఫోనులో ఉందిగాని మోగలేదు.
తీసెయ్యలేదు. అంతే.

"లోపల పెట్టెయ్" అన్నాను.
ఆగింది. మళ్లీ మోగింది.
సుద్ద గట్టిగా నొక్కాను కాబోలు, విరిగింది.

వెనక బెంచీ నుంచి ఎలిసేయో
లాయరులా గొంతు సవరించుకున్నాడు:
"కట్టెలు తేవాలనే రాసుకున్నాం టీచర్.
ఎత్తకూడదని ఎక్కడా లేదు."

నడవాలోకి వెళ్లి హలో అన్నాను.
జవాబు లేదు.
ఇంజను చప్పుడు. టార్పాలిన్ మీద వాన.
"దిగవే తడి మొహమా, దిగు" అని
ఏదో కుక్కను తిడుతున్నాడు.
తర్వాత దగ్గు, అచ్చం నాన్న దగ్గు.
వాడు నాకు ఫోను చెయ్యలేదు.
జేబులో ఏదో తగిలి అదే మోగింది,
రెండుసార్లూ.

తమ్ముడి జేబులోంచి తమ్ముణ్ణి విన్నాను,
నాలుగు నిమిషాలు.
గట్టిగా పిలిస్తే వినిపించేదేమో.
ఎవరింటి తలుపైనా తెరిచి ఉంటే
తలొంచుకుని దాటిపోవడం మర్యాద.
నేను దాటిపోలేదు.
తాడేదని ఎవరో అడిగారు.
"నీ కాలికిందే ఉంది, చూడు" అన్నాడు.
అక్కడ తెగిపోయింది.

తిరిగొచ్చేసరికి
తరగతి ఎన్నడూ లేనంత బుద్ధిగా ఉంది.
బోర్డుమీద నా సగం దారిని ఎవరో పూర్తి చేశారు,
తప్పుగా. ఓడ కొండలెక్కి పోతోంది.
నా మొహం వైపు ఒక్కరూ చూడలేదు.
పద్నాలుగు మందీ కిటికీలోంచి వానను చూస్తున్నారు,
పుట్టి బుద్ధెరిగాక వాన చూడనట్టు.
ఈ మర్యాదను మేం ఏ నియమంలోనూ రాసుకోలేదు.

గంట కొట్టాక, గుమ్మం దాటుతూ యనీరా:
"ఎండువి, టీచర్."

మర్నాడు చంకెడు కట్టెలు తీసుకెళ్లాను.
దారిలోనే తడిశాయి.
పొయ్యి ఒప్పుకోలేదు, గదంతా పొగ.
దగ్గుతూ, కళ్లు తుడుచుకుంటూ, నవ్వుతూ
పిల్లలు మళ్లీ ఓటేశారు:
ఇవి చెల్లవు. రేపు ఇంకో చంకెడు.

సరేనన్నాను.
వాళ్ల పద్నాలుగు ఫోన్లూ సర్ది
పైన నాది పెట్టి మూత వేశాను,
నాది మాత్రం
మోత తగ్గించకుండా.